పెట్టెలోంచి వాడు బయటికొచ్చే తేదీ

చప్పుడు చెయ్యకుండా నడిచి, ఎవరి కంటా పడకుండా కోటలో దూరి, పని ముగించుకుని వచ్చే ఆట ఒకటి ఉంది. అందులో నేను ఆరితేరినవాణ్ణని అమలాపురంలో మా గేమ్ సెంటర్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇంట్లో మాత్రం పెరుగు గిన్నె మీద మూత చప్పుడు కాకుండా తీయడం ఈ రోజుకీ నాకు చేతకాదు. మూత మీద చెయ్యి పడీ పడకముందే వెనకగదిలోంచి మా అత్తగారు, "అల్లుడుగారూ, ఇంకా తోడుకోలేదండీ" అంటారు. నలభై మంది కాపలావాళ్ళ కళ్ళుగప్పినవాణ్ణి, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని ఒక్క పెద్దావిడకి దొరికిపోతాను.

నా పని కొబ్బరికాయలు ఒలవడం. పి.గన్నవరం దగ్గర ఒక రైతుగారి తోటలో, నేలలో పాతిన గునపం మొన మీద కాయ గుచ్చి, మూడు విరుపుల్లో పీచు డొక్క ఊడదీస్తాను. చదువు ఎనిమిదో తరగతి సగంలో మానేశాను. ఎవరైనా అడిగితే "ఎనిమిదిలో సగమండీ, అంటే నాలుగు" అంటాను. నవ్వుతారు. నవ్వినవాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యరు, అదే నాకు కావలసింది. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవి చాలా ఉన్నాయి నాకు. బడి, టైలరింగు, లారీ మీద క్లీనరు పని. చివరిదాకా వెళ్ళింది ఆ ఆట ఒక్కటే.

సెంటరు నడిపే ఆయన్ని మేం మాస్టారు అంటాం. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టి ఊళ్ళో గుమాస్తాలందరికీ వేళ్ళు కదపడం నేర్పిన మనిషి. టైపు మిషన్లు పోయి జిరాక్సు వచ్చింది, జిరాక్సు పక్కన కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్లలోకి ఆటలు వచ్చాయి. ఇప్పటికీ మేం తప్పు మీట నొక్కితే "చిటికెన వేలండీ, చిటికెన వేలు!" అని వెనకనుంచి కసురుతారు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాకే షట్టరు ఎత్తుతారు. ఆ రోజుల్లో అప్పటికే ఆటో డ్రైవరు, బ్యాంకు గుమాస్తా, మందుల షాపాయన, నేను, నలుగురం గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడి ఉండేవాళ్ళం.

ఆటలో మనవాడు పేరు లేని ముసలి దొంగ. ఓడరేవులో ఒక కోట, కోటలో చెరసాల. లోపలున్నవాళ్ళని ఒక్కొక్కరినే చీకట్లోంచి చీకట్లోకి నడిపించి బయటపడేస్తాడు. చివర్లో తను మిగిలిపోతాడు. ఓడ మీద చేపల పెట్టె ఒకటి ఖాళీగా కనిపిస్తే అందులో దూరి మూత వేసుకుంటాడు. కాపలావాడి బూట్ల చప్పుడు దగ్గరికొస్తుంది. సరిగ్గా పెట్టె పక్కన ఆగుతుంది. తెర నల్లబడుతుంది. అంతే, ఆట అయిపోయింది. రెండో భాగం వస్తే తప్ప ఆ బూట్లు కదలవు.

ఇది జరిగి ఏడేళ్ళు. అప్పటినుంచీ మేం ఒకర్నొకరం బాగున్నారా అని పలకరించుకోవడం మానేశాం. బస్టాండులో ఎదురుపడినా, పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నా ఒకటే మాట.

"బయటికొచ్చేడాండీ?"

"లేదండీ, పెట్టెలోనే."

మా ఆవిడ ఆ ఆట ఒక్కసారే చూసింది. పెళ్ళయిన కొత్తలో బట్టలు కొనడానికి అమలాపురం తీసుకెళ్ళి, దార్లోనే కదా అని సెంటర్లో స్టూలు మీద కూర్చోబెట్టాను. చెరసాల నడవా దాటలేక అక్కడ అప్పటికి వారం రోజులుగా దొరికిపోతున్నాను నేను. కాసేపు చూసి, పమిట సర్దుకుని, "ముందు ఆ దీపం ఆర్పొచ్చు కదండీ" అంది. ఆర్పాను. దాటాను. మాస్టారు లేచి నిలబడ్డారు. "అమ్మా, మీరు రోజూ రండి, వీరిని ఇంట్లో ఉంచండి" అన్నారు. ఇంటికొస్తూ బస్సులో, ముందే ముగించినవాళ్ళ దగ్గర విన్న చివరి సంగతి నేను చెబితే తను పట్టించుకున్నది వేరే. "ఎన్నాళ్ళని ఉంటాడండి పెట్టెలో? ఆకలెయ్యదా?"

రెండో భాగం వస్తోందని కబురు రావడానికి మూడేళ్ళు పట్టింది. శుక్రవారం విడుదల అన్నారు. మాకు తెలిసిన విడుదల సినిమా విడుదలే కాబట్టి అలాగే చేశాం. మానిటర్లకి మామిడాకులు కట్టాం. ఒలిచిన కాయలు బుట్టెడు నేను తెచ్చాను. మాస్టారు కొబ్బరికాయ కొట్టరు గానీ, మేం కొడితే చెక్క తింటారు. ఫ్లెక్సీ కూడా వేయించాం. హీరో పెట్టెలో ఉన్నాడు కనుక ఫ్లెక్సీ మీద పెట్టె బొమ్మే ఉంది, దాని కింద మా అయిదుగురి మొహాలు పెట్టెకంటే పెద్దగా ఉన్నాయి. కట్టిన గంటకే రాజోలు వైపు చెరువుల రైతు ఒకాయన బండాపి లోపలికొచ్చారు.

"రొయ్యల పెట్టెలు మీ దగ్గర ఏ సైజులున్నాయండీ?"

"పెట్టెలు కాదండీ, లోపల మనిషి ఉన్నాడు" అన్నాను.

ఆయన మా మొహాలు వరసగా చూసి బండెక్కారు.

మొదట ఎవరు ఆడాలో చీటీలు వేశాం. నా పేరు వచ్చింది. నవ్వకండి, నా పేరు మీద ఏదైనా రావడం అదే మొదలు. ఇల్లు మా అత్తగారిది, రేషను కార్డు మా ఆవిడ పేరు మీద, ఫోను సిమ్ము మా బావమరిది పేరు మీద.

ఆ శుక్రవారమే నాకు కువైట్ మెడికల్ పరీక్ష పడింది. అక్కడ ఒక షాపులో సామాను సర్దే పని. ఆరు నెలలు తిరిగితే ఏజెంటుగారు కుదిర్చారు. అప్పటికి మా పాపకి రెండేళ్ళు. రెండేళ్ళు నేను వెళ్ళొస్తే ఇంటికి పైకప్పు పడుతుందని ఇద్దరం అనుకుని, అనుకున్నదే పదిసార్లు అనుకుని, చివరికి ఖాయం చేసుకున్నాం. పరీక్ష విజయవాడలో. శుక్రవారం పొద్దున్నే అక్కడ ఉండాలి.

నేను ఏజెంటుగారికి ఫోన్ చేశాను. జ్వరమంటే మందు వేసుకుని రమ్మంటారు. బస్సు దొరకలేదంటే కారు పంపుతారు. మా వైపు ఎదుటి మనిషి ఎదురు చెప్పకుండా తలొంచే మాట ఒక్కటే ఉంది.

"మా పెదనాన్నగారు పోయేరండి. మైల."

"అయ్యయ్యో. ఎప్పుడండీ?"

"పొద్దున్నేనండి."

"సరేనండి, సరేనండి. ఇలాంటప్పుడు పని మాట ఎత్తకూడదు. పెద్దకర్మ అయ్యేక కనపడండి" అని ఆయన ఎంతో మర్యాదగా పెట్టేశారు.

మా నాన్న వాళ్ళ నాన్నకి ఒక్కగానొక్క కొడుకు. ఆయనకి అన్నగారిని పుట్టించిందీ నేనే, పొద్దున్నే చంపిందీ నేనే. ఇంట్లో మాత్రం పరీక్ష వాయిదా పడిందని చెప్పాను.

గురువారం సాయంత్రం మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కంపెనీవాళ్ళ ఉత్తరం చదివి మాకు తెలుగులో చెప్పారు. ఇన్నాళ్ళూ ఓపిక పట్టినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఆట మీరు మెచ్చేలా ఉండాలని మా తపన. అందుకు ఇంకొంత కాలం కావాలి. తేదీ త్వరలో చెబుతాం.  సెంటర్లో మామిడాకులు ఫ్యాను గాలికి మానిటరు మీద కొట్టుకుంటున్నాయి. నాకు తట్టింది ఒకటే, ఇప్పుడే బస్సెక్కితే పొద్దుటికి విజయవాడలో ఉంటాను. కానీ ఏజెంటుగారికి ఏమని చెప్పను? పోయినాయన లేచి కూర్చున్నాడని చెప్పనా?

పది రోజులు గడ్డం గీసుకోలేదు. ఆయన ఎక్కడైనా ఎదురుపడతారని భయం. "ఏమిటండీ ఈ అవతారం?" అని మా ఆవిడ అడిగితే కొత్త ఫ్యాషన్ అన్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఇంటి ముందు కారాగింది. నేను పెరట్లో మట్టలు పేరుస్తున్నాను. గొంతు విన్నాను. ఎండిన కొబ్బరిమట్టల గుట్ట వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఎండు మట్ట మీద కాకి వాలినా వీధిలోకి వినిపిస్తుంది. నా కింద ఒక్క ఆకు కదల్లేదు. బతుకులో నేను చప్పుడు చెయ్యకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

"మీ పెదమావగారు పోయేరట కదండీ. ఆ రోజుల్లో రాలేకపోయేనండి, ఏమనుకోకండి" అన్నారు ఏజెంటుగారు.

మా ఆవిడ చేతిలో చీపురు గోడకి ఆనించిన చప్పుడు వినిపించింది. 

"ఆయ్. పోయేరండి" అంది.

"పెద్ద వయసేనాండీ?"

"పెద్దవారేనండి. ఎప్పుడూ ఎవరి కంటా పడలేదు. అలాగే వెళ్ళిపోయేరు."

"అదృష్టవంతులండి." ఆయన కారు వైపు తిరిగి, "అప్పనపల్లి గుడికి వెళ్ళి వస్తున్నానండి. ప్రసాదం ఉంది కార్లో. మీరు పుచ్చుకోవచ్చోలేదో అని దింపలేదు."

"పదకొండూ వెళ్ళిపోయేయండి. ఇవ్వండి."

రెండు చేతులూ చాపి పుచ్చుకోవడం మట్టల సందులోంచి చూశాను. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. ఆ శుక్రవారం ఖాళీ వేరే ఆయనకి వెళ్ళిపోయింది. మగవాళ్ళకి ఇప్పట్లో లేవు. ఆడవాళ్ళకైతే ఒక ఇంట్లో పని ఉంది, మంచి కుటుంబమట, ముసలావిణ్ణి చూసుకోవాలట. తను అన్నీ అడిగింది. గది ఉంటుందా, ఫోన్ చెయ్యనిస్తారా, ఎన్నేళ్ళు అని. కూర బేరం చేసేటప్పటి గొంతే, ఎక్కడా వణకలేదు. చివర్న, "నేను వెళ్తానండి" అంది.

కారు వెళ్ళిపోయింది. నేను కదల్లేదు. తను పెరటి గుమ్మంలోకి వచ్చి, మట్టల గుట్ట కేసి చూడకుండా, ప్రసాదం పొట్లం చూరులో పెడుతూ అంది. "మట్టల్లో జెర్రులుంటాయండి. ఇవతలకి రండి."

ఆ పెదనాన్న మాట ఇక మా ఇంట్లో రాలేదు. ఆ రోజు రాలేదు, పాస్‌పోర్టుకి ఫొటో తీయించిన రోజు రాలేదు. రావులపాలెంలో బస్సెక్కేటప్పుడు వస్తుందనుకున్నాను. "గిన్నెల మీద మూతలు పెట్టండి, పిల్లులొస్తాయి" అంది. పాప నా భుజం మీద నిద్రపోతోంది. లేపుదామంటే వద్దంది.

నాలుగేళ్ళయింది. పైకప్పు పడింది. శుక్రవారాలు తనకి సగం పూట సెలవు, ఆ మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. మొదట్లో మోగగానే పాప పరుగెత్తేది. ఇప్పుడు చూసి, "అమ్మ" అని నా చేతికిచ్చి, వెళ్ళి మళ్ళీ బొమ్మలు గీసుకుంటుంది. బొమ్మల్లో అమ్మ ఉంటుంది గానీ, ఎప్పుడూ ఫోనంత చదరంలో ఉంటుంది.

ఒక శుక్రవారం తను నవ్వుతూ చెప్పింది. "ముసలావిడ పగలంతా పడుకుంటారండి. చెంచా పడ్డా మేడమ్ గారు ఊరుకోరు. మీ దొంగకంటే నేనే బాగా నడుస్తున్నాను ఇప్పుడు. గదిలోకి వచ్చి వెళ్ళినా ఎవరికీ తెలియదు." నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక తోటలోకి వెళ్ళి గునపం దగ్గర కూర్చున్నాను. కాయల రాశి అలాగే ఉంది. చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. మేమంతా కుర్చీల్లో కూర్చుని వేళ్ళతో ఆడుతున్న ఆటని తను కాళ్ళతో ఆడుతోంది. దొరికిపోతే మళ్ళీ మొదలుపెట్టే మీట తనకి లేదు.

రెండేళ్ళు నిండినప్పుడు తను రావాల్సింది. ఆ వారం నేను ఇంటికి సున్నం వేయించాను. శుక్రవారం ఫోన్లో, "మిమ్మల్ని చాలా కష్టపెడుతున్నానండి" అని మొదలుపెట్టింది. ముసలావిడకి బాగాలేదట, మేడమ్ గారు ఉండమంటున్నారట, ఇంకో ఏడాదికి కాగితాలు రాయిస్తున్నారట, వచ్చే తేదీ తరవాత చెబుతుందట.  ఆ ఉత్తరం నాకు తెలుసు. ముందు ఓపికకి కృతజ్ఞతలు, తరవాత కారణం, చివర్న త్వరలో. మాస్టారు అలాంటివి అప్పటికి మూడు చదివి వినిపించారు.

ఆట మొదటి వాయిదాకి మేం కోపం తెచ్చుకున్నాం. రెండోదానికి వాదించుకున్నాం. ట్రైలర్లో మూడు క్షణాలు కనిపించే నీడ మనవాడిదా, కాపలావాడిదా అని ఆటో డ్రైవరూ బ్యాంకు గుమాస్తా మాటలు మానేసేదాకా వెళ్ళింది. మూడోదానికి ఎవరూ ఏమీ అనలేదు. గుమాస్తాకి బదిలీ అయింది. ఆటో ఆయన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మందుల షాపాయన కనిపిస్తే తలూపి వెళ్ళిపోతారు. మాస్టారూ నేనూ మిగిలాం. ఆ ఫ్లెక్సీ మా పెరట్లో కట్టెల మీద కప్పి ఉంది. వానలకి మొహాలన్నీ వెలిసిపోయాయి. పెట్టె మాత్రం అలాగే ఉంది.

పోయిన నెల మాస్టారు ఫోన్ చేశారు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "డేటు ఇచ్చేరండీ! ఈసారి ఖాయమటండీ! మూత కదిలింది!"

వెళ్ళాను. చాలారోజులకి సెంటరు నిండా జనం. పాతవాళ్ళు లేరు, కొత్తవాళ్ళు. మొదటి భాగం వచ్చేనాటికి సగం మందికి మీసాలు కూడా రాలేదు. తెర మీద అదే పెట్టె. బూట్ల చప్పుడు కదిలి దూరమైంది. మూత వేలెడంత లేచింది. సందులో రెండు కళ్ళు. ఈలలు, చప్పట్లు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమండీ, మాట్లాడరేం? మొదటి చీటీ మీదేనండి, నేను మర్చిపోలేదు" అన్నారు. 

నాకు ఏమీ రాలేదు. ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. ఆ సందులో కళ్ళు చూస్తే భయమేసింది. పెట్టెలో ఉన్నంతకాలం వాడు నాకొక సాకు. వాడు రాలేదు కాబట్టి ఏదీ జరగలేదని అనుకోవడానికి వీలుండేది. రేపు వాడు బయటికొచ్చి ఓడ మీద నాలుగడుగులు వేస్తే, ఒక సాయంత్రం కూర్చుని ఆడితే, అయిపోతుంది. దానికోసమే నేను నా ఆడదాన్ని సముద్రం దాటించానని తేలిపోతుంది. మా ఆవిడ నాలుగేళ్ళు చప్పుడు చెయ్యకుండా నడిచింది ఈ నాలుగడుగుల కోసం. మాస్టారికి ఏదో జోకు చెప్పి బయటపడ్డాను. ఏం చెప్పానో గుర్తులేదు, ఆయన మాత్రం నవ్వారు.

తరవాతి శుక్రవారం ఫోన్ మోగింది. పాప చూసి నా చేతికిచ్చింది. ముసలావిడ పోయారట, రెండు వారాలయిందట.  అయితే వచ్చేస్తావు కదా అనబోయాను. తనే చెప్పింది. మేడమ్ గారి చెల్లెలికి కానుపట, వాళ్ళింటికి పంపుతున్నారట, ఒప్పుకుందట.

"ఎన్నాళ్ళే?"

"తెలీదండి."

"రావాలని లేదా?"

 అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. ఇక్కడ పాప పెన్సిలు చప్పుడు. ఇలాంటప్పుడు ఊరుకోవాలని నాకు తెలుసు. ఊరుకున్నట్టయితే ఏమయ్యేదో. కానీ సగం ఎనిమిది అని నవ్వించి తప్పించుకునే జబ్బు నాది, అదే నోటికొచ్చింది.

"మా ముసలి దొంగ కూడా డేటు చెప్పేశాడే. వచ్చే నెల శుక్రవారం బయటికొస్తున్నాడట. నువ్వే ఇంకా చెప్పట్లేదు."

కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఆయ్. మంచిదండి" అంది మా ఆవిడ. "అయితే ఈసారి ఎవర్ని చంపుతున్నారో ముందుగా చెప్పండి. ఇక్కడ నేను కూడా తలస్నానం చెయ్యాలి కదా."